పన్నెండో డ్రాయరు

కౌంటరు వెనక, చూడకుండానే చెయ్యి అందే ఎత్తులో
పన్నెండో డ్రాయరు.
లించ్‌పిన్నులు, కాటర్‌పిన్నులు,
తలలో పెట్టుకునే పిన్నుల్లా వంకర తిరిగిన క్లిప్పులు.

తలుపు గంట మోగిన తీరునిబట్టి
ఎవరికేం పోయిందో చెప్పగలను.
మెల్లగా తోసుకొచ్చేవాడికి బేరింగో బెల్టో కావాలి,
ముందు కాసేపు సరస్సు మీది గాలి గురించి మాట్లాడతాడు.
ఇంజను ఆపకుండా దిగొచ్చినవాడికి
పోయింది పిన్నే.
గడ్డి కోసి పడుంది, పడమట మబ్బు పట్టింది.

నెస్తోర్ పావ్లిక్ అయితే నోరే విప్పడు.
చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య
ఇంత ఖాళీ పట్టుకొస్తాడు.
పొలం నుంచి పదహారు మైళ్లు
ఆ ఖాళీ చెదరకుండా
ఒంటిచేత్తో బండి నడిపాడేమో అనిపిస్తుంది.
నేను దాన్ని నింపుతాను.
రెండు డాలర్ల పది సెంట్లు.

మొదట్లో అడిగేదాన్ని, ఎక్కడ పోయిందని.
ఎక్కడో తెలిస్తే అది పోయినట్టెలా అవుతుంది?
పొద్దున లిఫ్టు చేతికి ఉంది.
కంచె మలుపులో ఉందో లేదో.
వెనక్కి తిరిగి చూసేసరికి
మోవరు ఒక భుజం జారి, తాగినవాడిలా ఒరిగి
మట్టి గీసుకుంటూ వస్తోంది.

అర టన్ను ఇనుము
చిటికెనవేలంత ఇనుముని నమ్ముకుని నడుస్తుంది.
వీళ్ల తాతల ఎద్దుబండికీ ఇంతే,
ఇరుసు చివర ఒక కడసీల.
అది కర్రది. పోతే ఇంకోటి చెక్కుకునేవారు.

గొలుసుతో వచ్చేవీ ఉన్నాయి, నలభై సెంట్లు ఎక్కువ.
వాటికి గొలుసు మిగులుతుంది.

దుకాణం మూసేశాక ఏం చేస్తారో నాకు తెలుసు.
వంచిన మేకు, కంచెతీగ, స్క్రూడ్రైవరు.
సిగ్రిడ్ థోర్లాక్సన్ ఓ ఆదివారం
తన ముడిలోంచి తీసిన పిన్నుతో ఆరెకరాలు కోసింది.
సోమవారం సగం జుట్టు విరబోసుకునే వచ్చి
అరడజను కొనుక్కుపోయింది.
తలపిన్ను మాత్రం ఇంకా మోవరుకే ఉందట.
బాగా పట్టిందిగా, ఉండనీ, అంది.

ముప్పై ఒక్కేళ్లుగా నేనమ్మినవన్నీ
ఈ చుట్టుపక్కల పొలాల్లోనే విత్తారు.
ఒక్కటీ మొలవలేదు.
ఒకటి మాత్రం రెండేళ్లకి తిరిగొచ్చింది,
వెనక టైరులో గుచ్చుకుని.
ఆ టైరు ఖరీదు ఇక్కడ రాయను.

ఆ తర్వాత నెస్తోర్ ఎర్రావు సంగతి.
మేత మానేసి, వెన్ను విల్లులా వంచి
నిలబడ్డచోటే మూలుగుతోందని డాక్టర్ని పిలిచారు.
గడ్డితోపాటు ఇనుమేదో మింగిందన్నాడు.
గొంతులోంచి ఒక అయస్కాంతం జార్చాడు,
నా వేలంత ఉంటుంది.
అవీ మేమే అమ్ముతాం,
పదకొండో డ్రాయరు.

అది కడుపులో మోసుకుంటూ ఆవు నాలుగేళ్లు బతికింది,
మూడు దూడల్ని వేసింది.
మొన్న అక్టోబరులో కబేళావాళ్లు
ఆ అయస్కాంతాన్ని పాత పేపర్లో చుట్టి ఇచ్చారు.

నెస్తోర్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.
ఇనపరజను నూగు పట్టి, గొంగళిపురుగులా ఉంది.
తీగ ముక్కలు, సగం మేకు,
వాటి మధ్య, కొత్తదానికంటే తళతళలాడుతూ
ఒక క్లిప్పు.

"నీ దగ్గర కొన్నదే. వాపసు తీసుకుంటావా?"
ఆయన నోట అంత పొడుగు మాట
నేను వినడం అదే మొదలు.
"బిల్లుందా?" అన్నాను.

నవ్వలేదు. గోటితో దాన్ని పెకలించబోయాడు.
రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు.
వచ్చినట్టే వచ్చి
టప్పున మళ్లీ అతుక్కుంది.
అలాగే పేపర్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

బయట ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది.
ఆయన రెండు వేళ్లెత్తి
ఖాళీ చూపించాడు.
ఈసారిది ఒక సైజు పెద్దది.