చేబదులు

బాసేలో హర్మటాన్ గాలి మొదలైంది.
కిటికీ సందుల్లోంచి ఎర్రదుమ్ము
నా గాజుపళ్ళేల్లోకి తొంగిచూస్తోంది.

కుంబా సబలీ ఇంటి నుంచి నాలుగు గొట్టాలు.

పదిరోజుల పసిదాని సీరంలో
వేసిన సూక్ష్మజీవులు వేసినట్టే చచ్చాయి.
ఇంకా చూపు నిలవని పిల్ల
ఇంత యుద్ధం ఎక్కడ నేర్చింది?
నేర్వలేదు.
మాయలోంచి తల్లి పంపిన చేబదులు,
వడ్డీ లేదు, గడువు మాత్రం ఉంది.

ఏడునెలల సైకూ పళ్ళెం తీశాను.
పిండి జల్లినట్టు చుక్కలే చుక్కలు.
బదులు కరిగిపోయింది,
సొంత సంపాదన ఇంకా మొదలవలేదు.
నిరుడు మెడ బిగిసి వచ్చిన బిడ్డలంతా
ఈ సందులోంచి జారినవాళ్ళే.
రిజిస్టరులో ఆ పేజీ నేను తిప్పను.

నాలుగేళ్ళ పెండా వేరు.
ఒకే బేసిన్లో అయిదుగురితో అన్నం తింటుంది,
ఎవరు తుమ్మినా తన ముక్కులో చోటిస్తుంది.
మంచం పట్టకుండానే, చీమిడి తుడుచుకుంటూనే
శత్రువు మొహం బట్టీ పట్టేసింది.
పళ్ళెంలో మూడే చుక్కలు!

చివరికి ముసలి కుంబా.
వేలు చాపుతూ నవ్వింది మొన్న:
"ఈ దుమ్ము నాకు పరిచయం చెయ్యని దగ్గు
ఇంకేం మిగిలిందమ్మా?"
నిజమే, మొదటి పళ్ళెం శుభ్రం.
రెండోసారి పలుచన చేశాక
చుక్కలు తిరిగొచ్చాయి.
గుర్తుంది. పట్టు సడలింది.

రేపు గురువారం.
తప్పిపోయిన టీకా సైకూ తొడకి.
ఊరంతా వినబడేలా ఏడుస్తాడు,
ఏడవనీ.
వాడి మొదటి కూలి అది.