పంటి అద్దం

షెఫీల్డ్‌లో మా ఇల్లు కొండవాలు మీద,
పెరడు ఉత్తరానికి.
అక్టోబరు చివర గోడెక్కి వెళ్ళిపోయిన ఎండ
ఫిబ్రవరి రెండో వారానికి గాని దిగిరాదు.
పైగా పక్కింటి బీచ్ చెట్టు నీడ.
"నాచు తప్ప ఇక్కడేం పెరుగుతుంది?" అన్నాను
ఇల్లు కొన్న ఏడు, బెరిల్‌తో.

బెరిల్ నవ్వలేదు.
నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో చెంచాలకు మెరుగుపెట్టిన చేతులతో
ఒక ముదురు దుబ్బుని రెండుగా చీల్చి
సగం పాత పేపర్లో చుట్టి గోడ మీదుగా అందించింది.
"హెలిబోర్. ఆకుల ఎరువు వెయ్యి.
రెండేళ్ళు అలిగి కూర్చుంటుంది. బతిమాలకు."

బతిమాలే తీరికెక్కడిది?
పళ్ళ డాక్టరు దగ్గర నర్సుని.
చలికాలం చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తాను.
పగలంతా పరాయి నోళ్ళలో దీపం వేసి చూడటమే,
నా పెరడు నాకు కనబడేది శని, ఆదివారాలు.

మూడో ఏడు డిసెంబరులో గోడవతలి నుంచి గొంతు:
"పాత ఆకులు కొయ్యి, మొగ్గలకి నల్లమచ్చ అంటుకుంటుంది.
గ్లౌజులు తొడుక్కో, దాని రసం మంచిది కాదు."
తోలు చేతుల్లాంటి ఆకులన్నీ కోసి పారేస్తే
గుండు కొట్టించుకున్న పిల్లాడి తలలా బోసిగా నేల,
దాన్ని చీల్చుకుని
నెత్తిన ఇంత మట్టితో
ఐదు మొగ్గలు.

జనవరిలో విచ్చాయి.
ఏం రంగని చెప్పను?
వంకాయ... కాదు,
నేరేడుపళ్ళు తిన్న నాలుక.
విచ్చినవి విచ్చినట్టే నేలచూపులు.
సిగ్గూ కాదు, వినయమూ కాదు,
పుప్పొడి తడవకుండా పట్టుకున్న గొడుగులు.

ఒక శనివారం పొద్దున్నే చూస్తే
మంచు గడ్డకట్టి
కాడలన్నీ ఉడికిన తోటకూరలా నేలకి అంటుకుపోయాయి.
చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.
"బెరిల్! చచ్చిపోయాయి!"
వంటింటి కిటికీ జానెడు తెరుచుకుంది.
"పన్నెండు దాకా ఆగు."
మూసుకుంది.

పదకొండున్నరకి ఒక కాడ
మోచెయ్యి ఆనించి లేవబోయింది.
పన్నెండుకి అన్నీ నిలబడ్డాయి,
అసలేమీ జరగనట్టు.
నా కాళ్ళకే ఇంకా తిమ్మిరి వదల్లేదు.

ఈ ఏడు బెరిల్ మోకాళ్ళు వంగడం మానేశాయి.
కర్ర పోటేసుకుంటూ మా గేటు దాకా వస్తుంది,
పైనుంచి చూస్తే ఏముంది, పూల వీపులు.
"పోనీలే వకుళా, ముఖాలు గుర్తున్నాయి," అంది.
ఆ మాట నాకు నచ్చలేదు.

సోమవారం, పారేసే డబ్బాలో పడబోతున్న
గీతలుపడ్డ అద్దం ఒకటి అడిగి తెచ్చుకున్నాను.
రూపాయి బిళ్ళంత అద్దం, మెడ వంచిన పిడి.
వెదురుపుల్లకి టేపుతో కట్టి
పువ్వు కింద పెట్టి, టార్చి వేసి,
అలవాటు కొద్దీ
"నోరు తెరవండి," అన్నాను.

కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని
బెరిల్ చూసింది.
లోపల రక్తపుచుక్కలు చిలకరించిన అంగిలి,
చుట్టూ చిన్న చిన్న ఆకుపచ్చ తేనెగిన్నెలు,
పాలపళ్ళంత కేసరాలు.
రెండోది చూపించాను. మూడోది.
నాలుగోదాని దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.
చాలాసేపు చూసింది.

"దీనికి క్లీనింగ్ చెయ్యాలి," అంది.

నవ్వింది అప్పుడు,
కట్టుడుపళ్ళు ఇంట్లోనే మర్చిపోయి వచ్చిందేమో
నోరంతా కనిపించేలా.

వచ్చే నెల స్నోడ్రాప్స్ ఇస్తానంది.
ఎండనివ్వకుండా, పచ్చగా ఉండగానే తవ్వి నాటాలట.
తవ్వే మోకాళ్ళు నావి.
చెంచా మాత్రం
ఆవిడదే.