మూడువందల మిల్లీసెకన్లు

పీణ్యా రెండో స్టేజిలో లేత్ మిషన్లు ఆగాక
మా షెడ్డుకి చెవులొస్తాయి.
అప్పుడు బోర్డుకి కరెంటిస్తాను.

మొదట ఏమీ ఉండదు.
మెమరీ ఇంకా కళ్ళు తెరవదు.
గోరంత చిప్పులో చెక్కిన నాలుగు ముక్కల మాట
చీకట్లో గోడ తడుముతూ
స్విచ్చు వెతుక్కుంటుంది.
ఆ తర్వాత బూట్‌లోడరు లేస్తుంది.
కెర్నెల్‌ని ఫ్లాష్‌లోంచి ఎత్తి తెచ్చి
మెమరీలో దించి
ఏ తీగ ఎక్కడుందో చెవిలో చెప్పి
ఒక్క గెంతు.
తిరిగొచ్చే దారి రాసుకోని గెంతు అది.
కాసేపటికి అది కూర్చున్న చోట
ఎవరిదో సామాను ఉంటుంది.

మాది పాలలో వెన్న కొలిచే యంత్రం.
కోలారు వైపు, కోడి కూసే వేళకి
క్యాన్ల వరుస ముందు నిలబడాలి.
కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ మళ్ళీ పుట్టాలి.
పుట్టడానికి నలభై సెకన్లు.
"మీ మిషను స్నానం చేసి గానీ రాదా?" అన్నదట
ఒకావిడ, మా సర్వీసు చన్నబసప్పతో.

పది లోపు తెమ్మన్నారు.
లోగో తీశాను. నెట్‌వర్కు కోసం ఎదురుచూపు తీశాను.
ఆపాలంటే ఏదైనా కీ నొక్కండంటూ
మూడు, రెండు, ఒకటి లెక్కపెట్టే మర్యాదా తీశాను.
అడుగున ఒక చిన్న ఆలస్యం దొరికింది,
మూడువందల మిల్లీసెకన్లు.
పక్కన ఒక వ్యాఖ్య:
ఇది తీయొద్దు. పట్టాభి.
ఎందుకో రాయలేదు.
పట్టాభి ఎవరో ఆఫీసులో ఎవరికీ తెలీదు.
తీసేశాను.

తొమ్మిది సెకన్లు!
మేనేజరు మద్దూరు వడలు తెప్పించాడు.

డిసెంబరులో మాలూరు నుంచి ఫోను.
మూడు మిషన్లు తెల్లారగట్ల లేవడం లేదు.
చన్నబసప్ప ల్యాప్‌టాప్ పట్టుకుని
బస్సు దిగేసరికి పది.
అప్పటికి మూడూ
ఏ జబ్బూ ఎరగనట్టు వెన్న కొలుస్తున్నాయి.
రెండోసారీ అంతే. మూడోసారి అతను నన్నే అనుమానించాడు.

ఎండెక్కితే తగ్గే జబ్బు.
ఆ మాట వాడు ఊరికే అన్నాడు,
నాకు మాత్రం అర్ధరాత్రి తగిలింది.

ఆఫీసు ఫ్రిజ్జులో బోర్డు పెట్టాను,
ఎవరిదో పెరుగు డబ్బా పక్కన.
సీరియల్ తీగ తలుపు సందులోంచి బయటికి లాగాను.
గంట తర్వాత కరెంటు ఇచ్చాను.
తెర మీద కర్సరు, దాని వెనక నలుపు.
ఒక్క అక్షరం లేదు.

తీసేసిన గీతని మళ్ళీ రాశాను.
ఫ్రిజ్జు తలుపు మూశాను. ఇంకో గంట.
ఈసారి అక్షరాలు
కాలువ వదిలినట్టు దిగాయి.

చలికి క్రిస్టలు వణుకు కుదుటపడాలి.
అది తన తాళం తాను పట్టేదాకా
ఎవరో ఒకరు ఆగాలి.
ఇంతే, పట్టాభి గారూ.
ఈ ఒక్క ముక్కా రాసి పోతే
నాకు మూడు వారాలు మిగిలేవి.
రాసుంటే నేను చదివి నమ్మేదాన్నా అన్నది
వేరే సంగతి.

ఆయన వ్యాఖ్య కింద నాదొకటి చేర్చాను:
చలి కోసం. ఫ్రిజ్జులో పెట్టి చూశాను. వకుళ.

పెరుగు డబ్బా ఎవరిదో గానీ
మూత ఊడింది, క్షమించాలి.