పడవ కిరాయికి రసీదు

నలభై వేలు. రెండు విడతలు.
మంజూరు ఉత్తరంలో నా ఇంటిపేరు తప్పు పడింది,
పని పేరు మాత్రం సరిగ్గానే ఉంది:
సిరొంచ తాలూకాలో పొలాల తెలుగు పేర్లు, సేకరణ.
ఇంటర్వ్యూలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగాడు,
సర్వే నంబర్లుండగా పేర్లెందుకమ్మా అని.
ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.
చెమట గుర్తుంది.

తలాఠీ ఆఫీసులో సాత్‌బారా కాగితం మరాఠీలో ఉంటుంది.
నూట పద్నాలుగో నంబరు, జిరాయతు, ఇంత శిస్తు.
అదే చెలకను, బయట అరుగు మీద బీడీ కాల్చే కోండ్ర ఎల్లయ్య
"ముంత పగిలింది" అంటాడు.
ఎవరి ముంత? ఎవరు పగలగొట్టారు?
అదడిగితే పూట గడిచిపోతుంది.
పూటకు నాకు రాసిన పద్దు నూట ఇరవై.

రాసుకుంటూ పోయాను.
మామ అలిగిన మడి.
అక్కకిచ్చిన తుంట.
ఎలుగు తొక్కిన జొన్న.
ఒకదాని పేరు పేర్లేంది. ఆరెకరాలు, మంచి రేగడి.
కొన్ని సగం గోండి, సగం మన మాట,
కుట్టు ఎక్కడ పడిందో వేలితో తడిమినా దొరకదు.

జాడి లస్మక్క మాత్రం మూడు రోజులు నోరు విప్పలేదు.
కల్లంలో మిరప తొడిమలు తీస్తూనే ఉంది.
నాలుగో రోజు నేనూ కూర్చుని తీశాను.
కళ్లు మండి, ముక్కు కారి, కొంగుతో తుడుచుకుంటే ఇంకా మండి.
అప్పుడు నవ్వింది.

"పేరు చెప్తె పైసలిత్తవా బిడ్డా?"
రెండు వందలక్కా. గౌరవ వేతనం.
"మా పొలం నీళ్లల్ల వడి నాలుగేండ్లాయె.
దానికి పైస రాలె.
దాని పేరుకొచ్చిందా?"

నేను తల వంచుకుని రెవెన్యూ స్టాంపు నాకి అంటించాను.
నాలుక మీద జిగురూ కారమూ.
బొటనవేలు సిరాలో ముంచబోయి ఆగింది.
"మునిగిన దానికి ముట్టిందని రాసుకోరు గద ఆల్లు?"
లేదక్కా, ఇది వేరే ఆఫీసు.
"ఆఫీసు ఒక్కటే బిడ్డా. బల్లలు వేరు."
అంటూనే ఒత్తింది.

పేరు మాత్రం ఇంట్లో చెప్పనంది.
అక్కడికే పోయి చెప్పాలంది.

గోమాస చందు పడవ. పొద్దున ఏడు.
ఆనకట్ట వెనక్కి తోసిన ప్రాణహిత
గోధుమరంగులో, ఎటూ పోకుండా నిలబడి ఉంది.
లస్మక్క ముందర కూర్చుని చెయ్యి నీళ్లలో వదిలింది.
"ఇగో, దుర్గపోల్ల కంచె దాటినం.
ఇగో ఒరం. ఇగో బాయి.
జరుపు పిలగా, బాయి మీద ఆపకు."
చందు ఏమీ అనలేదు. పడవ జరిపాడు.
"ఇదే."

దూడ మల్లిన రేగడి.
ఆమె అత్త కాలంలో తప్పిపోయిన దూడ
పది రోజులకు తనంతట తానే మళ్లి ఇక్కడికొచ్చి నిలబడిందట.
రికార్డరులో ఆ మాట కింద తెడ్డు చప్పుడుంది.
దాని తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాన్ని నేను కత్తిరించలేదు.

కిరాయి మూడు వందలు.
రసీదు అడిగితే చందు, నీళ్ల మీద పోయినదానికి రసీదా అన్నాడు.
తెల్లకాగితం మీద నేనే రాసి నేనే సంతకం పెట్టాను.

మార్చి ఇరవై ఎనిమిదిన ఆడిట్ కాగితం వచ్చింది.
రెండో విడత నిలిపివేయడమైనది.
పద్దు పదకొండు, ప్రయాణం శీర్షిక.
సదరు పరిశోధకురాలు పొలం చూడబోయినట్టు రాశారు.
పొలానికి పడవ ఎందుకు?
వివరణ ఏడు రోజుల్లో పంపవలెను.

ఇవాళ ఆరో రోజు.
మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.
ఇప్పుడు కాగితం మీద ఇంతవరకే ఉంది:
అయ్యా, బావి మీద ఆపకూడదు కాబట్టి