ఓబులేసు

నా పేర్లో రాయి లేదు,
లేసుంది.
ఆ సంగతి చెప్పింది జ్ఞానాభరణమ్మ.
జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి,
మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం.

ఎర్రగుంట్ల గనిలో నాపబండ జారి మీద పడినాక
కాలు పైకి కట్టి, ఇసుకమూట వేలాడదీసి
మూడు నెలలు పండబెట్టినారు.
పైన దూలాలు పద్నాలుగు.
లెక్కబెట్టి లెక్కబెట్టి యాష్టకొచ్చి
"ఎప్పుడు లేస్తానమ్మా" అని ఏడిస్తే
"లేసు నీ పేరు కొసనే ఉంది కదరా" అనింది నర్సమ్మ.
జేబులోంచి కొక్కెం సూది తీసి చేతిలో పెట్టింది.

సుత్తి పట్టిన చెయ్యి.
మొదటి రోజే సూది వంచేసినా.
వేళ్ళ పగుళ్ళకు దారం తట్టుకునేది,
ఎంత కడిగినా పోని రాతిబూడిద దానికంటేది.
ఆమె తిట్టలా. ఇప్పేసింది.
"ఇప్పితే ఏం పోదు, దారం దారమే."
మా గనిలో అట్ల కాదు.
తప్పు కొట్టిన బండ తప్పు కొట్టిన బండే.

పక్కమంచం వీరనాగిరెడ్డి నవ్వినాడు,
"ఏం అబ్బీ, పెండ్లికూతురివా" అని.
నెల తిరక్కముందే
తన దిండు గలీబుకు అంచు వేసియ్యమన్నాడు.

ఐదు గొలుసులు, ఒక నిలువు.
ఐదు గొలుసులు, ఒక నిలువు.
ఆమెకు వాళ్ళమ్మ నేర్పిందంట,
ఆయమ్మకు ఎవరో దొరసాని,
మాట తెలీకుండానే, వేలు పట్టుకొని.
కాగితం మీద ఎవరూ రాసుకోలా.

బండను సుత్తితో తట్టి వింటాం మేము.
ఖంగుమంటే మంచిది.
డొల్లగా పలికితే లోపల గాలుంది, పక్కకు నెట్టు.
పదేళ్ళప్పటి నుంచి
గాలి దొంగను పట్టిచ్చే నేను కూలి తీసుకున్నా.
ఇక్కడేమో
గాలి చుట్టూ గోడ కట్టేదే పని.
"చూసుకోవాల్సింది సందునురా" అనేది,
"దారం దానిపాటికి అదొస్తుంది."

కాలు అతికింది, రవ్వంత వంకరగా.
మళ్ళీ గనికే పోయినా, పోక ఏం తింటాం.
రాత్రిళ్ళు మాత్రం బుడ్డి దగ్గర
సూది బయటికి తీసేవాణ్ణి.

ఆమె పోయినప్పుడు
సమాధికి బండ నేనే కోసి తెచ్చినా.
మూడుసార్లు తట్టినా. ఖంగుమనింది.
పేరు చెక్కేవాడు
"అంచుకు పూలు వేసేదా" అన్నాడు.
వద్దని, ఉలి నేను తీసుకొని కూర్చున్నా.
ఐదు గొలుసులు, ఒక నిలువు.

మూడో మూల తిప్పేటప్పుడు లెక్క తప్పినా.
నాలుగే గొలుసులు, సందు ఇరుకైపోయింది,
దాన్ని సరిచేయబోయి ఇంకా లోతుగా తవ్వినా.
రాయి కదా, ఇప్పేదానికి కాదు.
అట్లే ఉండాది. పోయి చూడొచ్చు.
వాన వెలిసినాక
ఆ ఒక్క సందులోనే
ఎక్కువసేపు నీళ్ళుంటాయి.