జత పోయిన ఎర్ర పట్టీ

నిన్న నాలుగు గంటలు కూర్చుని చేయించుకున్న జుట్టు
మూడో రౌండుకే చేతులెత్తేసింది.

దేదె అక్క ఇనప దువ్వెన కాల్చి కాల్చి
చెవుల పక్కన చుర్రుమనిపించి
ఒక్కో పాయనీ దారికి తెచ్చింది.
"రేపొక్కరోజు గుద్దులాట మానేయవే కోర్కోర్" అని
డబ్బులు తీసుకుంటూ మరీ చెప్పింది.
నేను వింటేనా.
చెమట తగలగానే
బడి గంట విన్న పిల్లల్లా
పాయలన్నీ కుదుళ్ళకి ఒకటే పరుగు.

బుకోమ్ సందులో పైకప్పు లేని జిమ్ మాది.
గోడకి అవతల చేపలు కాల్చే పొగ,
దానికవతల సముద్రం.
ఇప్పుడు అయిదున్నర.
ఏడింటికి ఓసూలో నా అయోర్కోర్ పుట్టినరోజు,
మేడ మీద, అందరూ తెల్లబట్టల్లో రావాలట,
ఫొటోలు తీసే మనిషిని కూడా పిలిచిందట.

ఉన్నది ఒక్కటే కుళాయి.
నా ముందు అయిదుగురు మగపిల్లలు.
వాళ్ళ నెత్తిన ఉన్నది గోరంత,
కడుగుడు మాత్రం కొండంత.

సంచి బోర్లించాను.
మైలో డబ్బాలో ఎండకి కరిగిపోయిన షియా వెన్న,
రెండు పళ్ళూడిన వెడల్పు దువ్వెన,
పదకొండు పిన్నులు,
వద్దన్నా అమ్మ కుక్కిన విగ్గు,
నల్ల పాలిథీన్ కవర్లో
తడిసిన పిల్లిలా ముడుచుకుని.

పెట్టి చూసుకున్నాను.
సగం పగిలిన అద్దంలో సగం నేను.
మాడు ఇంకా ఆవిరి కక్కుతోంది,
విగ్గు నుదుటి మీదికి జారుతోంది.

"ఎవరిదే ఆ టోపీ?"
అతా లాంతే.
ఎడమ కనుబొమ్మ మీద ఏడు కుట్ల మనిషి,
నవ్వితే ఆ కుట్లు ముందు నవ్వుతాయి.

దండెం మీంచి ఎర్ర పట్టీ లాగాడు.
నాలుగున్నర మీటర్లు.
దాని జోడీ ఎప్పుడో పోయింది,
అందుకే ఎవరూ ముట్టుకోరు.
"నీ చేతులకి నేనెలా కడతాను?"
"ఎముక కదలకూడదు, రక్తం ఆడాలి."
"మరింకేం" అన్నాడు,
బకెట్ వాళ్ళ దగ్గర లాక్కుని నా ముందు పెట్టి
అటు తిరిగి కూర్చున్నాడు.

నీళ్ళు.
అరచేతుల మధ్య వెన్న.
వేళ్ళతో కుదుళ్ళ దాకా, తొందర పెట్టకుండా,
తొందరలో ఉన్నా సరే.
చిక్కు దగ్గర ఆగి, బతిమాలి, దాటి.
తర్వాత పట్టీ:
మెడ వెనక నుంచి ఎత్తి,
ఒక చుట్టు, రెండు, అయిదు,
చివర అంటుకునే ముక్క చర్రుమంది.
నడినెత్తిన జుట్టంతా
వానకి ముందు మబ్బులా లేచి నిలబడింది.
విగ్గు మళ్ళీ కవర్లోకి.

ట్రోట్రోలో కిటికీ పక్కన సీటు.
తలుపుకి వేలాడుతూ కుర్రాడు "ఓసూ, ఓసూ" అని అరుస్తుంటే
గాలికి నా జుట్టు ఆరుతూ
ఆరేకొద్దీ పెద్దదవుతూ
వెనక సీటు పెద్దాయనకి దారి కనపడకుండా చేసింది.
ఆయన ఏమీ అనలేదు. తల పక్కకి వంచుకున్నాడు.
వాచిన పెదవి మీద లిప్‌స్టిక్ కాస్త ఎక్కువే పూశాను.

మేడ మీద తెల్లబట్టలు, నున్నటి జుట్లు.
ఎవరో అడిగారు,
"ఈ గుడ్డ భలే ఉంది, ఎక్కడ కొన్నావ్?"
"మకోలాలో."
"ఏం సెంటు ఇది, చల్లగా ఘాటుగా?"
అది నొప్పుల తైలం.
చెప్పలేదు. నవ్వాను, పెదవి చిట్లింది.

రెండో పాటకే చెమట పట్టేసింది.
పక్కనున్న వాళ్ళు ఒక్కొక్కరే
నుదుళ్ళు రుమాళ్ళతో అద్దుకుంటూ
ఫ్యాను కిందికి జరుగుతున్నారు.
నేను జరగలేదు.
పోగొట్టుకోవడానికి నా తల మీద
ఇక ఏమీ మిగల్లేదు.

సోమవారం పట్టీ ఉతికి తెచ్చి
చప్పుడు కాకుండా దండెం మీద వేశాను.
సాయంత్రం ఒకాయికి పట్టీలు చాలక
ఒక చేతికి నీలంది, ఒక చేతికి అది.
గ్లవ్స్ విప్పి వేళ్ళ సందులు చూసుకుని
"అతా, నా చేతులు మెరుస్తున్నాయేంటి?" అన్నాడు.

అతా లాంతే నా వైపు చూడలేదు.
"బాగా కొట్టావు, అందుకే" అన్నాడు.