కర్త లేని వాక్యాలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆఫీసు తుమ్ముతుంటది.
కిటికీలు బిగించినా ఫైళ్ళ సందులకెల్లి
ఎనుమాముల మిర్చి ఘాటు దూరి
చైర్మన్ గారి మొదటి మాటను నడుమకు తెంపుతది.
అవి రాయను. తుమ్ములు మినిట్స్‌లకు రావు.

యాకూబ్ అలీ సార్ రిటైరయిన నాడు
రూళ్ళకర్రతోటి ఈ రిజిస్టరు నా చేతుల పెట్టి,
"బిడ్డా, ముచ్చటంత రాయకు, చెయ్యి గుంజుతది.
కొట్లాట రాయకు, తేలింది రాయి.
ఎవరు, ఏం పని, ఏ తారీఖు.
ఈ మూడు లేకుంటే అది మినిట్స్ కాదు,
గాలిని బస్తాల కుట్టినట్టే" అన్నడు.

ఆ రాత్రి పాత పేజీలు తిరగేసిన.
పరిశీలించబడును.
తగు చర్యలు తీసుకొనబడును.
తీర్మానించడమైనది.
బళ్ళె తెలుగు సారు బోర్డు మీద గీతలు గీసి
కర్త, కర్మ, క్రియ అని చెప్పేటోడు.
ఈ రిజిస్టర్ల క్రియ ఉన్నది.
కర్త చాయ్ తాగి ఎల్లిపోయిండు.
కర్మ మాత్రం కొమురమ్మది.

కొమురమ్మ నాలుగో షెడ్డుల రాలిన మిర్చి ఊడుస్తది.
ఆమెతోటి ఇంకో ముప్పై ఒక్క మంది.
ఇంటికెల్లి తెచ్చుకున్న సీసా నీళ్ళు
తాగుటానికే సాలయి, చేతులకేడియి?
పొద్దూకినంక పిల్లను ఎత్తుకుంటే
పిల్ల ఏడుస్తదట.
నల్లా కావాలె అన్నది.
మూడు మీటింగుల సంది ఆ నల్లా
'బడును'లనే పడి ఉన్నది.

నాలుగో మీటింగు, మార్చి పన్నెండు.
అజెండాల పదకొండు గంటలు, మొదలైంది పదకొండుంబావుకు.
హాజరు తొమ్మిది. సెలవు ఒకరు.
కుర్చీ ఏసినా కూసోలే కొమురమ్మ,
కొంగుకు చేతులు తుడుసుకుంట తలుపు కాడ్నే నిలబడ్డది.
"నేను చెప్పేది రాస్తున్నవా?"
రాస్తున్న అన్న.
"పోయినసారి సుత రాసిండ్రు గదా."
అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే.

"సరే, చూద్దాం. నెక్స్ట్" అన్నడు చైర్మన్ సారు.
నా పెన్ను ఆడ్నే ఆగింది.
ధైర్యమేం కాదు. పదమూడేండ్ల సర్వీసుల
మీటింగుల నోరు తెరిచింది హాజరు పిలిచేటందుకే.
"సార్, చూసేది ఎవరు?"

ఫ్యాను తిరుగుడు ఇనబడ్డది.
బయట వేలంపాట జోరు మీదున్నది,
పదహారు వేలు, పదహారున్నర, పదిహేడు.
లోపల ఒక్కరు పాట ఎత్తుతలేరు.

ఏఈ ముకుందం సారు కండ్లద్దాలు తీసి,
తుడిసి, మల్ల పెట్టుకొని,
"నా పేరు రాసుకోరాదు" అన్నడు.
"ఎప్పటిలోగా సార్?"
"తొందర్లో."
"తొందర్లో అనేది క్యాలెండర్ల లేదు సార్."
ఆ మాట నేనే అన్ననా అని
ఇప్పటికి నాకు అనుమానమే.
"మార్చి ముప్పై" అన్నడు, నా దిక్కు చూడకుంట.

రాసిన:
నాలుగో షెడ్డు పక్కన నల్లా
ఏఈ ముకుందం పెట్టిస్తారు, మార్చి 30 లోగా.
మీటింగు లేచేముందు పైకి చదివిన.
యాకూబ్ సార్ చెప్పని పని అది.
తన పేరు తన చెవులవడితే
ఎసొంటి మనిషైనా జరంత సక్కగ కూసుంటడు.

నల్లా ఏప్రిల్ పదిన వచ్చింది.
పదకొండు రోజులు ఆలస్యం అని
చివరి గడిల రాసిన.
నెల దాంక ముకుందం సారు నాతోటి మాట్లాడలే.
అది రాయలే.

ఒకనాడు పగటీలి కొమురమ్మ వచ్చి
"నా పేరు యాడున్నదో సూపియ్యి" అన్నది.
సూపిచ్చిన.
ఒక్కో అక్షరం మీద ఏలు పెట్టి
చీమ నడిసినట్టు నడిపిచ్చింది.
చేతులు కడుక్కొనే వచ్చిన్నన్నది.
అయినా అంచు మీద ఎర్రటి మరక పడ్డది.

మొన్న ఆడిట్‌కు వచ్చినాయన
ఆ పేజీ తిప్పి, ముక్కు ముడిసి,
రెండుసార్లు తుమ్మిండు.

తుమ్ములు మినిట్స్‌లకు రావని ముందుగాల్నే చెప్పిన.
ఈ ఒక్క పేజీల ఉన్నయి.